తెలుగు వివరణ, పైథాన్ కోడ్ ఒకే ఫైల్‌లో: వీఎస్ కోడ్‌తో ఎనిమిది నెలల మార్క్‌డౌన్ రాత

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌కు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను చెప్పడం నా వృత్తి. చెప్పిన ప్రతి పాఠాన్నీ తెలుగులో రాసి, నకళ్లు తీయించి విద్యార్థుల చేతిలో పెట్టడం నేను ఇష్టంగా పెట్టుకున్న అదనపు పని. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చి ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లలో ఉంటున్న పిల్లలకు వివరణ తెలుగులో ఉంటేనే కోడ్ తలకెక్కుతుందని ఇన్నేళ్లలో నాకు తెలిసివచ్చింది. అందువల్ల నా పాఠంలో ప్రతి పుటలోనూ రెండు రకాల రాత పక్కపక్కనే ఉంటుంది: నాలుగు వాక్యాల తెలుగు వివరణ, దాని కింద ఆరేడు వరుసల కోడ్, మళ్లీ వివరణ, మళ్లీ కోడ్. ఈ రెండింటినీ ఒకే ఫైల్‌లో, ఒకదానినొకటి పాడుచేయకుండా రాసుకునే వీలు ఉందా లేదా అన్నదే నాకు ఎడిటర్‌ను కొలిచే కొలబద్ద. ఈ సమీక్ష అంతా ఆ ఒక్క కోణం నుంచే రాస్తున్నాను.

పూర్వం నేను ఈ పాఠాలను వర్డ్ ప్రాసెసర్‌లో రాసేవాడిని. అక్కడ పుట అందంగా కనిపించేది గాని, నిటారుగా ఉండవలసిన కోట్ గుర్తులను అది తనంతట తాను వంపు గుర్తులుగా మార్చేది. విద్యార్థి ఆ ఫైల్ నుంచి కోడ్‌ను కాపీ చేసి నడిపితే మొదటి వరుసలోనే పైథాన్ తప్పు చూపేది. ఎక్కడ తప్పిందో కంటికి కనిపించని ఇలాంటి దోషం, కొత్తగా నేర్చుకునేవారి ధైర్యాన్ని దెబ్బ తీసినంతగా మరేదీ తీయదు. కోడ్‌ను అక్షరం పొల్లుపోకుండా ఉంచే సాదా ఫైల్ కావాలి, అందులోనే శీర్షికలు, బోల్డ్ పదాలు, జాబితాలు ఉండాలి అనుకున్నప్పుడు మార్క్‌డౌన్ వైపు, దానితోపాటు మైక్రోసాఫ్ట్ వారి వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వైపు వచ్చాను. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో, ఎనిమిది జీబీల మెమరీతో, ఎనిమిది నెలలుగా దీనిని రోజూ వాడుతున్నాను.

మార్క్‌డౌన్ గురించి తెలియనివారి కోసం కొద్దిగా చెప్పాలి. 2004లో జాన్ గ్రూబర్ దీనిని రూపొందించారు. ఆరన్ స్వార్ట్జ్ అందులో సహకరించారు. వరుస మొదట హ్యాష్ గుర్తు పెడితే శీర్షిక, పదానికి రెండువైపులా రెండేసి స్టార్లు పెడితే బోల్డ్, మూడేసి బ్యాక్‌టిక్‌ల (` గుర్తుల) మధ్య ఉంచితే కోడ్. గుర్తులు ఇన్నే కాబట్టి ఒక పూటలో వచ్చేస్తుంది. అయితే మొదటి వివరణలో కొన్ని సందర్భాలకు కచ్చితమైన నియమం లేకపోవడంతో, ఒక్కొక్క సాధనం ఒక్కొక్క తీరుగా అర్థం చేసుకోవడం మొదలైంది. ఆ అయోమయాన్ని తొలగించడానికి 2014లో జాన్ మెక్‌ఫార్లేన్, జెఫ్ ఆట్‌వుడ్ తదితరులు కామన్‌మార్క్ అనే పక్కా నియమావళిని ముందుకు తెచ్చారు. ప్రోగ్రామర్లు తమ ఫైళ్లను ఉంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైటు తన మార్క్‌డౌన్ రూపానికి 2017లో ప్రకటించిన నియమావళి కూడా దీనిమీదనే నిలబడింది. వీఎస్ కోడ్‌లోని ప్రివ్యూ, అంటే పుట చివరికి ఎలా కనిపిస్తుందో చూపే కిటికీ, పాటించేదీ కామన్‌మార్క్‌నే. ఈ పేరును గుర్తుపెట్టుకోవాలి. తెలుగు రాసేవారికి దీనితో పని పడుతుంది.

ముందు ఈ ఎడిటర్ బాగా చేసే పని చెబుతాను. మూడు బ్యాక్‌టిక్‌లు పెట్టి, వాటి పక్కనే భాష పేరును ఆంగ్ల అక్షరాలలో పైథాన్ అని రాసి వరుస మార్చగానే, అక్కడి నుంచి కోడ్ తన రంగులు తాను తొడుక్కుంటుంది. పైన ఉన్న తెలుగు వివరణ ఒక రంగులో, కింద కోడ్‌లోని కీలకపదాలు, స్ట్రింగులు (కోట్ల మధ్య రాసే పాఠ్యం), అంకెలు, వ్యాఖ్యలు వేర్వేరు రంగులలో కనిపిస్తాయి. పాఠం రాస్తున్నప్పుడే కోట్ మూయడం మరిచిపోతే ఆ వరుస చివరివరకూ స్ట్రింగ్ రంగు పాకుతుంది గనుక, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది. ఇందులో నేను మెచ్చుకునే సూక్ష్మమైన విషయం ఇంకొకటి ఉంది. బహుళ వరుసల స్ట్రింగ్‌ను మూడు కోట్లతో తెరిచి మూయకుండా వదిలినా, ఆ గందరగోళం కోడ్ బ్లాక్ దాటి కింది తెలుగు పేరాలోకి రాదు. ప్రతి వరుస మొదట్లోనూ బ్లాక్‌ను ముగించే బ్యాక్‌టిక్‌లు వచ్చాయా అని ముందుగా చూసి, ఆ తరువాతనే లోపలి భాష నియమాలకు అప్పగించేటట్లు ఈ రంగుల వ్యాకరణాన్ని రాశారు. విద్యార్థులకు చూపడానికి కావాలనే తప్పు కోడ్ రాసే నాలాంటివాడికి ఈ ఏర్పాటు ఎంతో మేలు చేస్తుంది.

అదే బ్లాక్‌ను ముగించే మూడు బ్యాక్‌టిక్‌లలో ఒకటి తగ్గితే జరిగేది వేరు. లూపుల పాఠంలో నాకు ఒకసారి అలా జరిగింది. ఒక బ్యాక్‌టిక్ తక్కువ పడడంతో, అక్కడి నుంచి ఫైల్ చివరివరకు ఉన్న నా తెలుగు పేరాలన్నీ కోడ్‌గా మారిపోయి, పైథాన్ రంగులలో దర్శనమిచ్చాయి. కామన్‌మార్క్ నియమం ప్రకారం మూయని బ్లాక్ ఫైల్ ముగిసేదాకా సాగుతుంది, ఎడిటర్ రంగు కూడా అదే చూపింది. తెర మీద సగం పాఠం రంగు మారిన మరుక్షణమే దోషం దొరికింది. రంగు చేయవలసిన అసలు సాయం ఇదేనని నేను అనుకుంటాను.

ఇక ఈ సమీక్ష రాయడానికి నన్ను పురికొల్పిన విషయానికి వస్తాను. ఎడిటర్‌లో కనిపించే రంగు, ప్రివ్యూలో కనిపించే ఫలితం రెండూ ఒకే చోటి నుంచి రావు. రంగు వేసేది టెక్స్ట్‌మేట్ వ్యాకరణం. అంటే రెగెక్స్ (అక్షరాల కూర్పును వర్ణించే సూత్రం) నమూనాలను వరుసల వెంట పోల్చుకుంటూ పోయే నియమాల జాబితా. మాక్ కంప్యూటర్ల కోసం 2004లో వచ్చిన టెక్స్ట్‌మేట్ అనే ఎడిటర్ నుంచి ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. అది ఒకసారికి ఒక వరుసను మాత్రమే చూస్తుంది, వరుస చివర ఉన్న స్థితిని గుర్తుపెట్టుకుని తరువాతి వరుసకు వెళుతుంది. ప్రివ్యూను తయారుచేసేది మార్క్‌డౌన్-ఇట్ అనే మరో ప్రోగ్రాం. అది ఫైల్ మొత్తాన్నీ చదివి, కామన్‌మార్క్ నియమాలను అనుసరించి పుటను నిర్మిస్తుంది. ఆంగ్లంలో రాసేవారికి ఈ ఇద్దరి మధ్య తేడా ఎప్పుడో గాని ఎదురుకాదు. తెలుగులో రాసేవారికి రోజూ ఎదురవుతుంది. దానికి కారణం మన విభక్తులే.

జాబితాల మీద రాసిన ఐదో పాఠంలో నేను ఒక వాక్యాన్ని ఇలా మొదలుపెట్టాను:

**“జాబితా”**లో ఎన్ని విలువలైనా ఉంచవచ్చు.

ఎడిటర్‌లో ఆ పదం నిండుగా బోల్డ్ అక్షరాలలో కనిపించింది. ఆ తొందరలో ప్రివ్యూ తెరవకుండానే, కామన్‌మార్క్‌ను పాటించే మార్పిడితో ఫైల్ తయారుచేసి నకళ్లకు ఇచ్చాను. కాగితం మీద బోల్డ్ లేదు; నాలుగు స్టార్లూ ఉన్నవి ఉన్నట్టే పదం చుట్టూ అచ్చయ్యాయి. అది మామూలు అచ్చుతప్పు అయి ఉంటే సరిపెట్టుకునేవాడిని. కాని పైథాన్‌లో రెండు స్టార్లకు ఘాతం అనే అర్థం ఉంది. “సార్, జాబితాకు కూడా పవర్ వెయ్యొచ్చా?” అని కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎంతో శ్రద్ధగా అడిగింది. ఆమె అడిగినదానిలో తప్పేమీ లేదు, ముందు పాఠంలో ఆ గుర్తును నేనే ఆ అర్థంతో నేర్పాను. ఆ రోజు తరగతిలో పదిహేను నిమిషాలు ఆ స్టార్లను తుడిపేయించడానికే సరిపోయాయి. ప్రివ్యూ చూడకపోవడం నా లోపమే. అయినా కళ్ల ముందు బోల్డ్ కనిపిస్తుండగా కాగితం మీద ఎందుకు రాలేదో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

కారణం ఇది. ముగింపు స్టార్లు నిజంగా ముగింపేనా అని తేల్చడానికి కామన్‌మార్క్ వాటికి ఇరువైపులా ఉన్న అక్షరాలను చూస్తుంది. ముందు ఉన్నది మామూలు అక్షరమైతే పేచీ లేదు. ముందు ఉన్నది కోట్ గుర్తో, కుండలీకరణమో, మరో విరామచిహ్నమో అయితే మాత్రం, స్టార్ల తరువాత ఖాళీ గాని, మరో విరామచిహ్నం గాని రావాలి, లేదా వరుస అక్కడితో ముగియాలి. ఆంగ్లంలో కోట్ మూసిన తరువాత ఎలాగూ ఖాళీ వస్తుంది కాబట్టి ఈ నియమం ఎవరికీ అడ్డు రాదు. మనకు కోట్ మూసీ మూయగానే ‘లో’, ‘కు’, ‘ను’, ‘తో’ అంటుకుని వస్తాయి. అప్పుడు ఆ స్టార్లు ముగింపు గుర్తులుగా లెక్కకు రావు. ఎడిటర్‌లోని రెగెక్స్‌కు ఇంత లోతైన పట్టింపు లేదు. తెరిచే స్టార్లు, వాటికి జతగా మూసే స్టార్లు, మూసేవాటికి ముందు ఖాళీ కాని గుర్తు కనిపిస్తే చాలు, బోల్డ్ రంగు వేస్తుంది. ఖాళీలు లేకుండా రాసే చైనా, జపాను భాషలవారికి కూడా ఈ నియమంతో ఇదే ఇబ్బంది ఉంది.

దీనికి మందు సులువైనదే. కోట్లను స్టార్ల బయటికి తెస్తే సరిపోతుంది:

“**జాబితా**”లో ఎన్ని విలువలైనా ఉంచవచ్చు.

ఇక్కడ ముగింపు స్టార్లకు ముందు మామూలు అక్షరం ఉంది కాబట్టి అవి నియమం ప్రకారం మూసుకుంటాయి. కోట్లు లేకుండా **జాబితా**లో అని రాసినా ఇబ్బంది లేదు. స్టార్ల తరువాత విభక్తి అంటుకుని ఉన్నా బోల్డ్ సక్రమంగా వస్తుంది. కాని స్టార్లకు బదులు అండర్‌స్కోర్ వాడే అలవాటు ఉన్నవారు మాత్రం దానిని మానుకోవలసిందే. _జాబితా_లో అని రాస్తే ఏ ఫలితమూ రాదు. ప్రోగ్రాముల పేర్ల మధ్యలో వచ్చే అండర్‌స్కోర్లు పొరపాటున వాలు అక్షరాలు కాకూడదని, పదం మధ్యలోని అండర్‌స్కోర్‌ను కామన్‌మార్క్ పట్టించుకోదు. విభక్తి అంటిన తెలుగు పదం దాని దృష్టిలో ఒకే పదం. నా విద్యార్థులలో మార్క్‌డౌన్ నేర్చుకునేవారికి నేను మొదటి రోజే చెప్పే మాట ఇదే: తెలుగులో రాసేటప్పుడు స్టార్లే వాడండి, కోట్లను బయట ఉంచండి.

వరుసకు ఒకసారి మాత్రమే చూసే పద్ధతి వల్ల ఇందుకు తలకిందులుగా కూడా జరుగుతుంది. ఒక వరుసలో తెరిచిన స్టార్లను తరువాతి వరుసలో మూస్తే ప్రివ్యూలో బోల్డ్ వస్తుంది గాని, ఎడిటర్‌లో రంగు రాదు. అందుకని పేరా మొత్తాన్నీ ఎంటర్ నొక్కకుండా ఒకే వరుసగా రాసుకుంటాను. మార్క్‌డౌన్ ఫైళ్లకు వరుసను తెర వెడల్పుకు తగినట్లు మడిచి చూపే సదుపాయం వీఎస్ కోడ్‌లో ముందే అమర్చి ఉంది కాబట్టి, చదవడానికి ఏ ఇబ్బందీ కలగదు. ఫైల్‌కు వ్యాకరణ వృక్షాన్నే నిర్మించి రంగులు వేసే ట్రీ-సిట్టర్ అనే మరో పద్ధతి ఉంది. ఆటమ్ ఎడిటర్ 2018లో దానిని ప్రవేశపెట్టింది. ఆటమ్ 2022 డిసెంబరులో మూతపడినా, ట్రీ-సిట్టర్‌ను నియోవిమ్, హీలిక్స్, జెడ్ వంటి ఎడిటర్లు అందిపుచ్చుకున్నాయి. అయినా నా వంటివారికి కావలసిన హామీ రంగు నుంచి రాదు, ప్రివ్యూ నుంచే వస్తుంది. కంట్రోల్, కె కలిపి నొక్కి, ఆ తరువాత వి నొక్కితే ప్రివ్యూ పక్కనే తెరుచుకుంటుంది. ఒకవైపు జరిపితే రెండోవైపూ అదే చోటికి జరుగుతుంది. ఐదో పాఠం తరువాత నేను దానిని మూయడమే మానేశాను.

రంగూ ప్రివ్యూ ఏకమై నన్ను కాపాడే సందర్భాలు కూడా ఉన్నాయి. తేదీలను లెక్కించే అభ్యాసానికి ముందు “2014. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం.” అని ఒక పేరాను మొదలుపెట్టాను. అంకె, చుక్క, ఖాళీ వరుసగా పేరా మొదట వచ్చాయి గనుక, మార్క్‌డౌన్ దానిని 2014వ అంశంతో మొదలయ్యే జాబితాగా తీసుకుంటుంది. ఎడిటర్ వెంటనే ఆ అంకెకు జాబితా రంగు వేసింది. చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెట్టగానే అది మామూలు వాక్యమైంది. తెలుగు అంకెలు వేసి ౧, ౨, ౩ అని జాబితా రాయాలని ఉత్సాహపడేవారికి మాత్రం నిరాశే ఎదురవుతుంది. జాబితాగా గుర్తించేది 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలనే. హ్యాష్ గుర్తు తరువాత ఖాళీ వదలకపోతే శీర్షిక కాదన్న నియమాన్ని కూడా ఎడిటర్ రంగు నమ్మకంగా చూపిస్తుంది.

కీబోర్డు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మార్క్‌డౌన్‌ను పొగిడే వ్యాసాలలో ఇది ఎక్కడా కనిపించదు. నేను ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైప్ చేస్తాను. అందులో, ఆంగ్ల కీబోర్డు మీద స్టార్ గుర్తు ఉండే చోట ‘శ్ర’, హ్యాష్ ఉండే చోట క్రావడి, బ్యాక్‌టిక్ ఉండే చోట ఒత్వం ఉంటాయి. అంటే మార్క్‌డౌన్‌కు ప్రాణమైన మూడు గుర్తులూ తెలుగు కీబోర్డులో లేవు! ప్రతి బోల్డ్ పదానికీ రెండుసార్లు కీబోర్డు మార్చడం రాత వేగాన్ని చంపేస్తుంది. ఈ ఎడిటర్ నాకు ఇక్కడ బాగా ఉపయోగపడింది. మీటల అమరికలో మనమే ఒక కొత్త సత్వరమార్గాన్ని రాసుకుని, ఎంచుకున్న పదానికి ఇరువైపులా రెండేసి స్టార్లు చేర్చమని దానికి చెప్పవచ్చు. అలాగే ఖాళీ కోడ్ బ్లాక్‌ను భాష పేరుతో సహా తెచ్చిపెట్టే మరో మీటనూ పెట్టుకున్నాను. తెలుగు కీబోర్డులో ఉండగానే రెండూ పనిచేస్తున్నాయి. ఇది ముందుగా అమర్చి ఉండదు. కంట్రోల్, బి నొక్కితే బోల్డ్ వస్తుందని ఆశించేవారికి పక్కన ఉన్న ఫైళ్ల పట్టీ మాయం కావడం కనిపిస్తుంది. సొంతంగా అమర్చుకునే ఓపిక లేనివారు ‘మార్క్‌డౌన్ ఆల్ ఇన్ వన్’ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌ను చేర్చుకుంటే, అదే మీట బోల్డ్‌కు పనిచేస్తుంది.

తెలుగు అక్షరం కనిపించే తీరులో నాకు ఫిర్యాదు లేదు. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే తెరలో, నడిచే ఎడిటర్లలో వత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి కనిపించడం చూసి విసిగిన నాకు, ఇక్కడ ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ వంటి పదాలు చక్కగా కుదురుకుని కనిపించడం ఎంతో ఊరటనిచ్చింది. ఈ ఎడిటర్ తెర మీద అక్షరాలను బ్రౌజర్ గీసే పద్ధతిలోనే గీస్తుంది కాబట్టి సంయుక్తాక్షరాలు చెదరవు. ఫాంట్ల సెట్టింగులో మొదట కోడ్ ఫాంట్‌ను, దాని వెనుక నోటో సాన్స్ తెలుగును రాసుకున్నాను. మొదటిదానిలో లేని అక్షరాలను రెండోదాని నుంచి తెచ్చుకుంటుంది. వరుసల మధ్య ఎడం మాత్రం తప్పనిసరిగా పెంచుకోవాలి. అది ఆంగ్ల అక్షరాల ఎత్తుకు తగినట్టు ఉంటుంది గాని, కిందికి దిగే వత్తులకు, పైకి లేచే గుడులకు చాలదు. నేను 1.8 అని పెట్టుకున్నాక కళ్లకు హాయిగా ఉంది.

వాలు అక్షరాల విషయంలో తెలుగువారు తమ థీమ్‌ను, అంటే ఎడిటర్ రంగుల అమరికను, సరిచేసుకోవాలని నా సలహా. మన లిపికి వాలు రూపం సంప్రదాయంలో లేదు, చాలా తెలుగు ఫాంట్లలో ఆ రూపాన్ని విడిగా గీయరు. ఎడిటర్ నిటారు అక్షరాన్నే పక్కకు వంచి చూపుతుంది. గుడి, కొమ్ము, వత్తు అన్నీ ఒకవైపు ఒరిగి చదవడానికి కష్టంగా ఉంటుంది. వీఎస్ కోడ్‌లో ఏ అక్షరానికి ఏ నియమం కింద రంగు పడిందో చూపే పరిశీలన ఆదేశం ఒకటి ఉంది. కర్సర్‌ను ఆ పదం మీద ఉంచి దానిని పిలిస్తే, నియమం పేరు, దానికి థీమ్ ఇచ్చిన రంగు ఒక చిన్న పెట్టెలో కనిపిస్తాయి. ఆ పేరును సెట్టింగులలో రాసి, వాలు తీసేసి ముదురు నారింజ రంగు ఇచ్చాను. ఇప్పుడు నా పాఠాలలో బోల్డ్ పదం దళసరిగా, నొక్కి చెప్పిన పదం నారింజగా కనిపిస్తున్నాయి. పది నిమిషాల పనికి ఇంత ఫలితం ఇచ్చే సదుపాయాన్ని చాలామంది తెరిచి కూడా చూడరు.

పట్టికల దగ్గర మాత్రం సర్దుకుపోవాలి. నిలువు గీతలను ఒకదాని కింద ఒకటి వచ్చేటట్లు పేర్చి రాయడం ఆంగ్లంలో కుదురుతుంది. తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు కాబట్టి ఇక్కడ కుదరదు. ప్రివ్యూలో పట్టిక సక్రమంగానే వస్తుంది, రాసే చోట మాత్రం గీతలు వంకరటింకరగా కనిపిస్తాయి.

కోడ్‌లో తెలుగు పేర్లు వాడాలనుకునే ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక చేయాలి. పైథాన్ 3లో చలరాశికి ‘సంఖ్య’ అని తెలుగులోనే పేరు పెట్టవచ్చు, నడుస్తుంది. కాని ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాలలో పొల్లు తరువాత వత్తు పడకుండా మనం చేర్చే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తు ఉన్న పేరును పైథాన్ అంగీకరించదు. వివరణలో అది ఉండాలి, కోడ్‌లో ఉండకూడదు. వెతుకుపెట్టెలో రెగెక్స్‌ను ఎంచుకుని, దాని యూనికోడ్ సంఖ్య అయిన 200సీతో వెతికితే ఎక్కడెక్కడ దాగి ఉన్నదీ దొరుకుతుంది.

ముద్రణకు వచ్చేసరికి ఈ ఎడిటర్ పాత్ర ముగుస్తుంది, ఫైల్‌ను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే పాన్‌డాక్ అనే ప్రోగ్రాం పాత్ర మొదలవుతుంది. కామన్‌మార్క్ కర్తలలో ఒకరైన జాన్ మెక్‌ఫార్లేనే 2006లో దీనిని ప్రారంభించారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాన్‌డాక్‌కు తనదైన మార్క్‌డౌన్ రూపం ఒకటి ఉంది. అందులో నా ఐదో పాఠం మొదటి వాక్యం నిక్షేపంగా బోల్డ్ అవుతుంది. అదే పాన్‌డాక్‌ను కామన్‌మార్క్‌గా చదవమని అడిగితే బోల్డ్ కాదు. నా ఫైళ్లు గిట్‌హబ్‌లో కూడా ఉంచుతాను కాబట్టి, మూడు చోట్లా ఒకేలా ఉండడం కోసం కామన్‌మార్క్‌నే ఎంచుకున్నాను. కోడ్ రంగులకూ ఇదే కథ. ఎడిటర్ రంగులు టెక్స్ట్‌మేట్ వ్యాకరణం వేసినవి, ప్రివ్యూలో రంగులు హైలైట్-జేఎస్ అనే ప్రోగ్రాం వేసినవి, పాన్‌డాక్ రంగులు కేట్ అనే మరో ఎడిటర్ కోసం రాసిన నిర్వచనాల నుంచి వచ్చినవి. ఒకే ఆరు వరుసల కోడ్ మూడు చోట్ల మూడు తీరులుగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. కోడ్ మారలేదు, రంగులు వేసేవారు మారారు.

నకళ్లు నలుపు తెలుపులో తీస్తారు గనుక రంగులన్నీ బూడిదగా మారిపోతాయి, లేతవి అసలు కనిపించకుండా పోతాయి. పాన్‌డాక్‌లో ‘మోనోక్రోమ్’ అనే శైలిని ఎంచుకుంటే కీలకపదాలకు రంగుకు బదులు బోల్డ్ వస్తుంది, కాగితం మీద అది స్పష్టంగా నిలుస్తుంది. లాటెక్ అనే పుటలు కూర్చే ప్రోగ్రాం ద్వారా పీడీఎఫ్ తీసేవారు ఇంకొకటి గమనించాలి. కోడ్‌కు వాడే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేకపోతే, కోడ్ లోపల తెలుగులో రాసిన వ్యాఖ్యలు కాగితం మీదికి రావు, వాటి చోటు ఖాళీగా ఉంటుంది. నేను ఆ దారి వదిలి, పాన్‌డాక్‌తో వెబ్ పుటగా మార్చి, బ్రౌజర్ నుంచి అచ్చు తీస్తున్నాను. బ్రౌజర్ లేని అక్షరాలను వేరే ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి వ్యాఖ్యలు భద్రంగా ఉంటున్నాయి.

ఖర్చు విషయానికి వస్తే, వీఎస్ కోడ్ ఉచితం. దాని మూల కోడ్ ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే ఎంఐటీ లైసెన్సుతో అందుబాటులో ఉంది, మైక్రోసాఫ్ట్ ఇచ్చే సిద్ధ ప్రోగ్రాంకు మాత్రం వేరే లైసెన్సు ఉంది. వాడకం వివరాలు కంపెనీకి వెళ్లకూడదనుకునేవారు టెలిమెట్రీ సెట్టింగును ఆపివేయవచ్చు, లేదా అదే మూలం నుంచి తయారైన వీఎస్‌కోడియంను దించుకోవచ్చు. బ్రౌజర్ యంత్రాంగాన్ని లోపల పెట్టుకున్న ప్రోగ్రాం కాబట్టి మెమరీ కాస్త ఎక్కువే తీసుకుంటుంది. నాలుగు జీబీల పాత కంప్యూటర్ ఉన్న విద్యార్థికి నేను కేట్‌ను సూచిస్తున్నాను. అది తేలికైనది, లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది, ఉచితం కూడా.

తెలుగు వివరణతో పాటు కోడ్ రాసే ఉపాధ్యాయులకు, సాంకేతిక రచయితలకు వీఎస్ కోడ్‌ను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కోడ్ లేని కథలు, వ్యాసాలు మాత్రమే రాసేవారికి ఇంత యంత్రాంగం అవసరం లేదు. తీసుకునేవారు మొదటి రోజే మూడు పనులు చేసుకోవాలి: వరుసల ఎడం పెంచుకోవాలి, బోల్డ్‌కు ఒక మీట పెట్టుకోవాలి, ప్రివ్యూను పక్కన తెరిచి ఉంచాలి. వచ్చే వారం డిక్షనరీల పాఠం ఉంది. అందులో కోట్లలో ఉన్న పదాలకు విభక్తులు చేరిన చోట్లు ఇరవై మూడు వచ్చాయి. నిన్న రాత్రి ప్రతి ఒక్కదాన్నీ ప్రివ్యూలో చూసి, కోట్లను స్టార్ల బయటికి తెచ్చి, ఫైల్‌ను నకళ్లకు సిద్ధం చేశాను.